బొబ్బట్ల నుంచి అరిసెల దాకా: బిడ్డ తొలి ఏడాది మైలురాళ్లు



ఈ పేజీలో మామూలుగా హోమ్‌వర్క్ గురించో, హ్యాండ్‌రైటింగ్ గురించో, పరీక్షల గురించో మాట్లాడుకుంటాం. ఈ నెల ఇంకా స్కూల్ గడప తొక్కని పిల్లల గురించి మాట్లాడుకుందాం. పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చే అమ్మల్లో చాలామంది చంకలో ఇంకో బిడ్డతో వస్తారు. పెద్దవాడి ప్రోగ్రెస్ కార్డు చూసి సంతకం పెట్టాక, లేవబోతూ అడుగుతారు: "మేడం, చిన్నోడికి తొమ్మిదో నెల. ఇంకా పాకట్లేదు. పర్లేదంటారా?"

నేను డాక్టర్‌ని కాను, ఇంగ్లిష్ టీచర్‌ని. బీఎడ్‌లో పిల్లల ఎదుగుదల గురించి ఒక సబ్జెక్టుగా చదువుకున్నాను. ఇప్పుడు ఇంట్లో 11 నెలల పాపతో అదే పాఠాన్ని రోజూ చూస్తున్నాను. పుస్తకంలో రెండు లైన్లలో ఉన్నది ఇంట్లో రెండు నెలలు పడుతుంది. ఆ రెండు నెలల్లో పక్కింటి వాళ్ల మాటలు, ఫోన్‌లో చుట్టాల ప్రశ్నలు ఎన్ని వినాలో తల్లులందరికీ తెలుసు. అందుకే ఈ వ్యాసం.

మన వంటింట్లోని పాత చార్ట్

మైల్‌స్టోన్ చార్ట్ అంటే ఆసుపత్రి గోడ మీద ఉండేదని అనుకుంటాం. తెలుగిళ్లలో అది ఎప్పటి నుంచో ఉంది, కాకపోతే వంటింట్లో ఉంది. బిడ్డ నవ్వితే నువ్వుండలు చేస్తారు. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం. గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, మాట పలికితే పంచదార చిలకలు. ఊరికో తీరు, ఇంటికో తీరు ఉంటుంది. ఒకరింట్లో పాయసం చేసే రోజుకి ఇంకొకరింట్లో పాలకాయలు చేస్తారు. కానీ సంగతి ఒకటే, బిడ్డ కొత్త పని నేర్చిన రోజు ఇల్లు దాన్ని గుర్తించి నలుగురికీ పంచుతుంది.

ఇది ప్రాస కోసం అల్లినట్టు కనిపిస్తుంది. వరస గమనిస్తే అసలు విషయం తెలుస్తుంది. ముందు ముఖంలో నవ్వు, తర్వాత బోర్లా తిప్పే మెడా భుజాలూ, తర్వాత కూర్చోబెట్టే నడుము, ఆఖరికి నడిపించే కాళ్లు. పట్టు తల దగ్గర మొదలై పాదాల దాకా దిగుతుంది. టెట్, డీఎస్సీ రాసిన పేరెంట్స్‌కి "శిరఃపాదాభిముఖ వికాసం" అనే మాట గుర్తుండే ఉంటుంది. అదే ఇది. మన అవ్వలు ఆ పేరు పెట్టలేదు, పిండివంటలతో గుర్తు పెట్టుకున్నారు.

ఈ చార్ట్‌లో నాకు బాగా నచ్చేది, ఏ పిండివంటకూ నెల రాసి లేకపోవడం. బిడ్డ ఎప్పుడు బోర్లా పడితే అప్పుడే బొబ్బట్లు. అయితే ఇందులో ఒక లోటు కూడా ఉంది. పని జరిగితే పండగ చేస్తాం సరే, జరగాల్సింది జరగకపోతే ఏం చేయాలో ఈ చార్ట్ చెప్పదు. బొబ్బట్లు పంచిన ఇల్లు వీధంతా తెలుస్తుంది. బొబ్బట్లు చేయని ఇంటి గురించి ఎవరూ అడగరు, అడిగినా ఆ తల్లి మాట దాటేస్తుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ రెండే. పండగ మీ బిడ్డ రోజున చేసుకోండి, పక్కింటి బిడ్డ రోజున కాదు. ఆలస్యం అనిపిస్తే మాత్రం లోపల దాచుకోకుండా వెళ్లి అడగండి.

ఇవి మార్కులు కావు

మన స్కూళ్లలో ర్యాంకులకు అలవాటుపడి, పసిబిడ్డలకు కూడా ర్యాంకులు ఇస్తుంటాం. "వాళ్ల పాప ఎనిమిదో నెలకే నిలబడింది" అనే మాటతో పోటీ మొదలవుతుంది.

మనకు తెలిసిన ఉదాహరణ చూద్దాం. గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే లైన్‌లో మన స్టేషన్ల వరస మార్కాపూర్ రోడ్, తర్లుపాడు, కంభం, గిద్దలూరు. ఆ వరస మారదు. కానీ ఏ రైలు ఏ టైమ్‌కి వస్తుందో దాని టైమ్ దానిది. కొన్ని రైళ్లు తర్లుపాడులో ఆగకుండా నేరుగా కంభం వెళ్లిపోతాయి. అంతమాత్రాన అవి గిద్దలూరు చేరవా? పిల్లల ఎదుగుదల కూడా దాదాపు అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను నెలనెలా గమనించి 2006లో ఆ వివరాలు ప్రచురించింది. ఆ 5 దేశాల్లో మన భారతదేశం కూడా ఉంది. ఏ పనికైనా ఒక్క నెలను కాకుండా "ఇక్కడి నుంచి ఇక్కడి దాకా" అని ఒక వ్యవధి ఇచ్చింది. ఇవీ ఆ వ్యవధులు:

ఆసరా లేకుండా కూర్చోవడం: 3.8 నుంచి 9.2 నెలలు
పట్టుకుని నిలబడటం: 4.8 నుంచి 11.4 నెలలు
చేతులు, మోకాళ్ల మీద దోగాడటం: 5.2 నుంచి 13.5 నెలలు
పట్టుకుని నడవడం: 5.9 నుంచి 13.7 నెలలు
సొంతంగా నిలబడటం: 6.9 నుంచి 16.9 నెలలు
సొంతంగా నడవడం: 8.2 నుంచి 17.6 నెలలు

చివరి లైన్ ఇంకోసారి చూడండి. తొమ్మిదో నెలలో నడిచిన బిడ్డా, పదిహేడో నెలలో నడిచిన బిడ్డా ఇద్దరూ ఈ వ్యవధిలోనే ఉన్నారు. పుట్టినరోజుకి నడవలేదని కంగారు పడాల్సిన పని లేదు. ఇంకో మాట, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు లెక్క వేరు. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఎనిమిదో నెల వచ్చిందంటే, ఎదుగుదల లెక్కలో ఆరో నెల అనుకోవాలి. టీకాలు మాత్రం పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి.

మొదటి మూడు నెలలు: నవ్వు, మెడ

పుట్టిన కొత్తలో నిద్రలో వచ్చే నవ్వు వేరు. రెండో నెల దాటేసరికి మన ముఖం చూసి, మన గొంతు విని నవ్వే నవ్వు వేరు. నువ్వుండలు ఈ రెండో నవ్వుకే. బిడ్డ మనుషుల్ని గుర్తుపట్టి చేసే మొదటి సంభాషణ అది. మీరు నవ్వితే తను నవ్వుతుంది, తను "ఊ" అంటే మీరు "ఊ" అంటారు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం అనే పద్ధతి ఇక్కడే మొదలవుతుంది.

మెడ మూడు, నాలుగు నెలలకు నిలబడుతుంది. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి, రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టి ఆడిస్తే మెడకూ భుజాలకూ బలం వస్తుంది. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి.

దిష్టి చుక్క పెట్టుకోవాలనుకుంటే అరికాలికో, చెవి వెనకో పెట్టండి. కంట్లో కాటుక వద్దని కంటి డాక్టర్లు గట్టిగా చెప్తారు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది.

నాలుగు నుంచి ఆరు: బోర్లా పడే రోజు

ఈ పండగ ఎప్పుడొస్తుందో చెప్పలేం. నిన్నటి దాకా పెట్టిన చోటే ఉన్న బిడ్డ, ఇవాళ మీరు పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్లొచ్చేసరికి బోర్లా పడి తలెత్తి చూస్తుంటుంది. అందుకని నాలుగో నెల రాకముందే మంచం మీద ఒంటరిగా వదిలే అలవాటు మానుకోవాలి. చుట్టూ దిండ్లు పెట్టినా రక్షణ కాదు, ముఖం దిండులో కూరుకుపోయే ప్రమాదం ఉంది. నేల మీద బొంత పరిచి పడుకోబెట్టడమే మేలు. మన పెద్దవాళ్లు చేసిందీ అదే.

ఇదే రోజుల్లో చేతికందింది పట్టుకోవడం, పట్టుకున్నది నోట్లో పెట్టుకోవడం మొదలవుతుంది. "ఛీ, తియ్" అని ప్రతిసారీ లాక్కోకండి. ఈ వయసు బిడ్డకు నోరే మొదటి ల్యాబ్. శుభ్రమైన గిలక్కాయో, కడిగిన స్టీల్ గ్లాసో ఇవ్వండి. దాని చల్లదనం, బరువు, మోత అన్నీ తను నేర్చుకునే పాఠాలే.

ఐదు నెలలకు పుట్టినప్పటి బరువు రెట్టింపు అవుతుంది, ఏడాదికి మూడింతలు అవుతుంది. పుట్టినప్పుడు 50 సెంటీమీటర్లు ఉన్న బిడ్డ ఏడాదికి దాదాపు 75 సెంటీమీటర్లు పొడవు పెరుగుతుంది. బిడ్డ "బొద్దుగా ఉందా లేదా" అన్నది కంటితో చెప్పేది కాదు. నెలనెలా తూకం వేసి కార్డులో గీత చూసి చెప్పాలి.

ఆరు నుంచి తొమ్మిది: కూర్చోవడం, అన్నం, నీళ్లు, పళ్లు

నడుము నిలబడి బిడ్డ కూర్చుంటే రెండు చేతులకూ పని దొరుకుతుంది. ఒక చేతిలోది ఇంకో చేతికి మార్చుకుంటుంది, రెండు వస్తువులు కొట్టి చప్పుడు చేస్తుంది. కుడుములు చేసేది కూర్చున్నందుకే అయినా, చేతులు ఖాళీ అయినందుకు ఇంకో పండగ చేసుకోవచ్చు.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు, నీళ్లు కూడా అవసరం లేదు. మన ఎండల్లో కూడా ఇది నిజమే, ఎందుకంటే తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. చాలా ఇళ్లలో ఆడపిల్లలకు ఐదో నెలలో అన్నప్రాశన చేస్తారు. ఆ రోజు శాస్త్రానికి పెదవికి తాకించి, అసలు తినిపించడం ఆరు నిండాక మొదలుపెట్టుకోవచ్చు. ఆ పాయసంలో తేనె మాత్రం వద్దు. ఏడాదిలోపు బిడ్డకు తేనె అస్సలు పనికిరాదు. దానిలో ఉండే ఒక బ్యాక్టీరియా బీజాల వల్ల పసిపేగుల్లో విషం తయారయ్యే ప్రమాదం ఉంది. మెత్తటి పప్పన్నం, రాగి జావ, ఉడికించి మెదిపిన కూరగాయలు, గుడ్డు సొన ఇవన్నీ మన ఇంట్లో ఉన్నవే. ఖరీదైన డబ్బా పిండి కొనలేదని ఏ తల్లీ చిన్నబుచ్చుకోనవసరం లేదు.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది నీళ్ల సంగతి. పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. "కాచి ఇస్తున్నాం కదా" అంటారు చాలామంది. కాస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. బిడ్డకు మూడు, నాలుగు నెలలు వచ్చేసరికే, చిగుళ్ల లోపల కనపడకుండా, ఏడేళ్లకు రాబోయే పక్కా పళ్లు తయారవడం మొదలవుతుంది. మన ఊళ్లలో పళ్ల మీద కనిపించే పసుపు, గోధుమ రంగు మచ్చలు ఆ రోజుల్లో తాగిన నీళ్ల గుర్తులు. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా తల్లిపాలలోకి వచ్చేది చాలా తక్కువ. కాబట్టి మన మార్కాపురం, గిద్దలూరు వైపు తల్లిపాలు ఆకలి తీర్చడమే కాదు, బిడ్డ పళ్లను కూడా కాపాడతాయి. డాక్టర్ సలహాతో డబ్బాపాలు కలపాల్సి వస్తే, ఆరు నెలల తర్వాత జావ కాయాల్సి వచ్చినా, బోరు నీళ్లు కాకుండా ఫ్లోరైడ్ తీసేసిన నీళ్లే వాడండి.

మొదటి పన్ను చాలామందికి ఆరో నెల అటూ ఇటూగా వస్తుంది. కొందరికి ఏడాది దగ్గరికి వస్తుంది. పై పళ్లు ముందొస్తే మేనమామకు గండం అని భయపడకండి. ఆ పళ్లు మేనమామను ఏమీ చేయవు, దొరికితే అతని వేలు కొరుకుతాయి, అంతే.

పాకడం, దోగాడటం, దేకడం

ఇంగ్లిష్‌లో వీటన్నిటికీ ఎక్కువగా ఒక్క మాటే వాడతారు. తెలుగులో మూడు మాటలున్నాయి. పొట్ట నేలకి ఆన్చి ముందుకు పోతే పాకడం. చేతులు, మోకాళ్ల మీద పోతే దోగాడటం. కూర్చునే పిర్రల మీద జరుగుతూ పోతే దేకడం. ఇన్ని మాటలు ఉన్నాయంటేనే పిల్లలు ఇన్ని రకాలుగా కదులుతారని మన భాషకు ఎప్పుడో తెలుసన్నమాట.

మా పాప దోగాడలేదు. ఎనిమిదో నెలలో దేకడం మొదలుపెట్టి, పదో నెలకి మంచం కోడు పట్టుకుని లేచి నిలబడింది. "మోకాళ్ల మీద పోకపోతే కాళ్లకు బలం రాదు" అని విన్నవాళ్లంతా అన్నారు. పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలనలో నూటికి నలుగురు పిల్లలు అసలు దోగాడనే లేదు, అయినా నడిచారు. మా అత్తయ్య మాత్రం ఎవరితోనూ వాదించలేదు. "దేకినా కదిలిందిగా" అని పాయసం వండేసింది.

బిడ్డ కదలడం మొదలయ్యాక ఇల్లు మారాలి. మోకాలి ఎత్తులో ఉన్న ప్లగ్ పాయింట్లు, కిందకి వేలాడే టేబుల్‌క్లాత్, నీళ్లున్న బకెట్, నేల మీద పెట్టిన కూర గిన్నె, ఫినాయిల్ సీసా ఇవన్నీ ఒకసారి మీరు నేల మీద కూర్చుని బిడ్డ ఎత్తు నుంచి చూడండి. గడప దాటితే గారెలు చేస్తాం బాగానే ఉంది, ఆ గడప అవతల మెట్లున్నాయో, నీళ్ల సంపు మూత తెరిచి ఉందో ముందే చూసుకోవాలి.

తొమ్మిది నుంచి పన్నెండు: వేళ్లు, అడుగులు

ఈ దశలో అందరూ కాళ్లనే చూస్తారు. టీచర్‌గా నేను వేళ్లను కూడా చూస్తాను. ఏడో నెలలో బిడ్డ మరమరాల్ని అరచేత్తో ఊడ్చినట్టు పోగుచేస్తుంది. తొమ్మిది, పది నెలలకు బొటనవేలు, చూపుడు వేలు కొసలతో ఒక్క గింజను పట్టుకుని తీస్తుంది. మన ఊరి పలక మీద బలపం పట్టుకోబోయేది ఈ రెండు వేళ్లే. మార్కాపురం పలకలు విదేశాలకు కూడా వెళ్లాయని గొప్పగా చెప్పుకుంటాం. ఆ పలక మీద "అ" దిద్దడానికి వేళ్లు రెండు, మూడేళ్ల ముందు నుంచే తయారవుతుంటాయి. ఈ వయసులో పలకా బలపం ఇచ్చి దిద్దించడం కాదు కావాల్సింది. గిన్నెలో చెంచా వేయడం తీయడం, ఉడికిన క్యారెట్ ముక్క తనే తీసుకుని తినడం, ఇవే రాతకు మొదటి మెట్లు. వేరుశనగ గింజలు, శనగలు, బటన్ బ్యాటరీలు మాత్రం అందకుండా పెట్టండి. గొంతుకు అడ్డం పడతాయి.

దోబూచులాట కూడా ఈ రోజుల్లోనే రుచిస్తుంది. కొంగు చాటున ముఖం దాచుకుంటే అమ్మ పోలేదు, చాటున ఉంది అని బిడ్డకు అర్థమవుతుంది. కనపడని వస్తువు కూడా ఉంటుందనే ఈ తెలివి ఎనిమిదో నెల ప్రాంతంలో మొదలవుతుందని బీఎడ్‌లో మనమంతా చదివిన పియాజే చెప్పాడు. మీరు గది దాటితే ఏడుపు ఎక్కువయ్యేదీ అప్పుడే. "గారాబం చేసి చెడగొట్టావు" అని తల్లిని అంటారు. అది చెడిపోవడం కాదు, అమ్మ ఇంకో గదిలో ఉందని తెలిసినందుకు ఏడుపు.

అడుగుల విషయంలో, కూర్చోబెట్టి వదిలే చక్రాల వాకర్ కొనకండి. నడక త్వరగా రాదు సరికదా, మెట్ల మీద నుంచి పడిపోయే ప్రమాదం ఎక్కువ. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. మన పాత మూడు చక్రాల చెక్కబండి వేరు. బిడ్డ తనంతట తను లేచి, తన బరువు తన కాళ్ల మీద మోస్తూ తోసుకుపోతుంది. మీరు పక్కన ఉంటే చాలు.

మాట: వస కొమ్ము, ఇంగ్లిష్, సెల్‌ఫోన్

ఆరు, ఏడు నెలలకు "తాతాతా", "మమమమ", "అత్తత్త" లాంటి శబ్దాలు వస్తాయి. మన చుట్టరికాల పేర్లు చూడండి: అమ్మ, అవ్వ, అత్త, తాత, మామ. పెదవులు కలిపి, నాలుక కొస పళ్లకు తాకించి పలికే తేలిక శబ్దాలే. బిడ్డకు ముందుగా నోరు తిరిగే శబ్దాలనే మనం దగ్గరి మనుషులకు పేర్లుగా ఇచ్చుకున్నాం. ఏడాది దగ్గరికి వచ్చేసరికి అమ్మనే చూసి "అమ్మ" అనడం వస్తుంది. దానికంటే ముందే పేరు పిలిస్తే తిరగడం, టాటా చెప్పడం, కావాల్సింది వేలితో చూపించడం మొదలవుతాయి. వేలితో చూపడం కూడా మాటే, గొంతు లేని మాట.

మాటలు త్వరగా రావాలని వస కొమ్ము అరగదీసి నాకించే అలవాటు మన వైపు ఉంది. బాగా మాట్లాడే పిల్లల్ని వసపిట్ట అనేది అందుకే. పిల్లల డాక్టర్లు మాత్రం వస వద్దంటారు. వాంతులు, మగత రావచ్చు. మాటలు వచ్చేది మనం మాట్లాడితేనే. స్నానం చేయిస్తూ, బట్టలు తొడుగుతూ, కూర తరుగుతూ చేస్తున్న పనిని బిడ్డకు చెప్తూ ఉండండి.

ఇంగ్లిష్ టీచర్‌ని కాబట్టి నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న: "ఇప్పటి నుంచే ఇంగ్లిష్‌లో మాట్లాడమంటారా మేడం?" నా జవాబు, మీకు ఏ భాషలో నవ్వడం, జోల పాడటం, ముద్దు చేయడం వచ్చో ఆ భాషలోనే మాట్లాడండి. 1984లో కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు ఒక పరిశోధన ప్రచురించారు. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని పసిబిడ్డలకు హిందీలోని "ట", "త" శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డలు ఆ తేడాను పట్టుకున్నారు. పది నుంచి పన్నెండు నెలలకు వచ్చేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు, ఎందుకంటే వాళ్ల ఇళ్లలో ఆ తేడా వినపడదు. అంటే బిడ్డ చెవి తొలి ఏడాదిలోనే ఇంటి భాషకు తయారవుతుంది. "పాట"కూ "పాత"కూ తేడా మన బిడ్డలకు మన నోటి నుంచే రావాలి. మాతృభాషలో గట్టి పునాదితో వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ నేర్పడం మా పని, అది మాకు తేలిక కూడా. ఇంట్లో ఎవరికీ సరిగ్గా రాని ఇంగ్లిష్ నాలుగు ముక్కలు మాట్లాడి, తెలుగు కబుర్లు మానేస్తే బిడ్డకు రెండూ తగ్గుతాయి.

ఇక సెల్‌ఫోన్. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్ల దాకా వద్దని మన దేశ పిల్లల డాక్టర్ల సంఘం కూడా 2021లో చెప్పింది, అప్పుడప్పుడు అయినవాళ్లతో వీడియో కాల్ తప్ప. నాన్న పని కోసం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండే ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. ఆ వీడియో కాల్ మానక్కర్లేదు. అక్కడ మనిషి జవాబిస్తాడు, కార్టూన్ జవాబివ్వదు. అన్నం తినిపించడానికి ఫోన్ పెట్టడం మాత్రం మానాలి. బిడ్డ ముద్దను చూడదు, అమ్మ ముఖాన్ని చూడదు, కడుపు నిండిందని కూడా గమనించదు.

పిండివంట చేయని రోజుల గురించి

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఎల్‌కేజీలో చేరేటప్పుడు మూడున్నర, నాలుగేళ్ల పిల్లల్లో అప్పుడప్పుడు ఒకరు వెనక నుంచి పిలిస్తే పలకరు. "మొండి మేడం, పట్టించుకోడు" అని ఇంట్లో చెప్తారు. అలాంటి పిల్లల్లో కొందరికి అది మొండితనం కాదు, వినపడకపోవడం. కంటికి కనిపించే లోపం కాదు కాబట్టి ఎవరికీ తట్టదు. "వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అనే ఒక్క మాటతో మూడేళ్లు గడిచిపోతాయి. వినికిడి విషయంలో ఆ మూడేళ్లు చాలా విలువైనవి. నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలని నిపుణులు లక్ష్యం పెట్టారంటే తొందర ఎంతో అర్థం చేసుకోండి. మేనరికం పెళ్లిళ్లున్న కుటుంబాల్లో పుట్టుకతో వచ్చే వినికిడి లోపం అవకాశం కాస్త ఎక్కువ. అలాంటి ఇళ్లలో పుట్టగానే పరీక్ష అడగడం మంచిది.

ఈ కింది గుర్తుల్లో ఒక్కటి కనిపించినా "ఇంకో నెల చూద్దాం" అనుకోకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి:

పెద్ద చప్పుడుకి కూడా ఉలికిపడకపోవడం, ఏ వయసులోనైనా
మూడు నెలలు దాటినా ముఖం చూసి నవ్వకపోవడం
నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం
ఆరు నెలలకు చప్పుడు వచ్చిన వైపు తిరగకపోవడం
తొమ్మిది నెలలకు ఆసరాతో కూడా కూర్చోలేకపోవడం, "తాతా, మామా" లాంటి శబ్దాలు రాకపోవడం
ఏడాదికి పేరు పిలిస్తే చూడకపోవడం, వేలితో చూపడం, టాటా లాంటివి ఏవీ లేకపోవడం, పట్టుకున్నా నిలబడకపోవడం
ఏడాదిలోపే ఎప్పుడూ ఒక్క చేతినే వాడటం (ఎడమచేతి వాటం అనుకుంటాం, రెండో చేతిలో బలం తక్కువేమో చూపించాలి)
వచ్చిన పని పోవడం: నిన్నటి దాకా కూర్చున్న బిడ్డ కూర్చోలేకపోవడం, పలికిన శబ్దాలు ఆగిపోవడం

గుర్తు కనపడినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. చూపించుకుంటే ఏమీ లేదని తేలడమే ఎక్కువ. ఉందని తేలితే బిడ్డకు చేతిలో టైమ్ మిగులుతుంది.

ఎక్కడ అడగాలి? ఆసుపత్రిలో ఇచ్చే తల్లీబిడ్డ కార్డు టీకాల కోసం మాత్రమే కాదు. లోపల బరువు గీతలు, ఏ వయసుకు ఏ పని అనే బొమ్మలు ఉంటాయి. ఆశా కార్యకర్త పుట్టిన మొదటి ఆరు వారాల్లో చాలాసార్లు, తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి రావాలి. "మేం ప్రైవేట్‌లో చూపిస్తున్నాం" అని గుమ్మం దగ్గరి నుంచే పంపేయకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తుంది. లోపం ఉంటే పై పరీక్షలకు, చికిత్సకు ఉచితంగా పంపిస్తుంది. ఆరేళ్లు దాటాక ఆ బృందం వెళ్లేది ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లకే. మన లాంటి ప్రైవేట్ స్కూళ్లలో చేరే పిల్లలకు అంగన్‌వాడీ వయసులోనే ఆ అవకాశం. ఫీజు కట్టి చదివించే వాళ్లం కదా అని అంగన్‌వాడీ మెట్లెక్కడానికి మొహమాటపడితే నష్టపోయేది బిడ్డే.

ఇంట్లో పెద్దవాళ్లకు ఒక్క విన్నపం. బిడ్డ ఆలస్యానికి తల్లిని అనకండి. ఆమె ఏం తిన్నది, ఏ గ్రహణంలో బయటికి వచ్చింది అనే ఆరాల భయానికే చాలామంది అమ్మలు గమనించింది కూడా బయటికి చెప్పరు. "నీకేం అనిపిస్తోంది అమ్మా, పద చూపిద్దాం" అనండి. ఆ మాట అనడానికి నాన్న, అత్తయ్య, మామయ్య అందరూ అర్హులే.

అన్నయ్యలకు, అక్కయ్యలకు ఒక ప్రాజెక్ట్

ఇంట్లో ఏడాదిలోపు తమ్ముడో చెల్లో ఉన్న మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకు ఈ నెల చిన్న ప్రాజెక్ట్. ఒక నోట్‌బుక్‌లో పేజీకి ఒక నెల. బరువు, పొడవు, కొత్తగా నేర్చిన పని, తేదీ, ఆ రోజు ఇంట్లో ఏం వండారు. తెలుగులో ఒక లైన్, ఇంగ్లిష్‌లో ఒక లైన్ రాయాలి. బరువులతో గ్రాఫ్ గీయాలి. లెక్కలు, సైన్స్, రెండు భాషలు అన్నీ ఇందులోనే వస్తాయి. అవ్వనో అమ్మమ్మనో అడిగి, మీ ఇంట్లో ఏ పనికి ఏ పిండివంట చేస్తారో కూడా రాయమనండి. ఈ ఆచారం పుస్తకాల్లో కంటే వాళ్ల నోట్లోనే ఎక్కువ ఉంది.

మొదటి పుట్టినరోజుకి ఫ్లెక్సీ, కేక్, ఫంక్షన్ హాల్ ఎవరి శక్తి కొద్దీ వాళ్లు చేసుకుంటారు. వాటికంటే ముందు ఈ రాత్రే ఒక పని చేయండి. బీరువాలో ఎక్కడో ఉన్న తల్లీబిడ్డ కార్డు బయటికి తీసి, మీ బిడ్డ నెల దగ్గర వేలు పెట్టి, అక్కడున్న బొమ్మలు ఇద్దరూ కూర్చుని చూడండి. బిడ్డ చేస్తున్నవాటికి టిక్ పెట్టండి. చేయనివి ఏవైనా ఉంటే అడగాల్సిన ప్రశ్నగా పక్కన రాసుకుని, వచ్చే టీకా రోజున డాక్టర్‌ని అడగండి. పై గుర్తుల్లో ఏదైనా కనిపిస్తే మాత్రం టీకా రోజు దాకా కూడా ఆగకండి.